అభ్యంతరాలున్నవారు వ్రాయవచ్చును

విల్లెం కాసిక్ గారికి ఒక్కటే జబ్బు. ఎస్టోనియాను రష్యాలో కలిపి చూపించిన కాగితం ఏదైనా కంటబడితే, దాన్ని అచ్చువేసినవారికి ఉత్తరం వ్రాసేదాకా ఆయనకు ముద్ద దిగదు. వ్రాసిన ప్రతి ఉత్తరానికీ మూడు నకళ్ళు. ఒకటి ఇనప్పెట్టెలో, ఒకటి మంచం కింద, మూడవది ఆ రెండూ కాలిపోతే పనికొచ్చేందుకు, లక్కముద్ర వేసిన కవరులో చర్చి గుమాస్తా దగ్గర.

యుద్ధంలో రష్యా తమ దేశాన్ని ఆక్రమించుకోవడంతో పారిపోయి వచ్చి, ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో కుదురుకున్న ఎస్టోనియన్లు రెండువందల మంది ఉండేవారు. వారందరికీ ఆయనంటే ప్రేమా, భయమూ సమపాళ్ళలో ఉండేవి. ఇంటికి పిలిచేముందు గోడమీది క్యాలెండర్లో పటాలేమైనా ఉన్నాయేమో చూసుకునేవారు.

ఒకసారి బొమ్మల దుకాణంలో చిన్న భూగోళం చూశారు. దానిమీద ఎస్టోనియా లేదు. కంపెనీకి ఆరు పుటల ఉత్తరం వెళ్ళింది. "అయ్యా, అది పెన్సిల్ చెక్కుకునే పరికరం" అని వారు వినయంగా జవాబిచ్చారు.

"అయితే? పెన్సిల్ చెక్కుకునేవాడికి నిజం అక్కర్లేదా?" అని కాసిక్ గారు రెండవ ఉత్తరం వ్రాశారు.

"ఎందుకండీ ఈ శ్రమ? పెద్ద పెద్ద రాజ్యాలే ఊరుకున్నాయి" అని మిల్లులో ఉన్ని వడికే హిల్యా ఒకసారి అడిగింది.

"ఊరుకోలేదమ్మా! దొంగ ఇంట్లో దూరాడని ఒప్పుకున్నారు. ఇల్లు దొంగదేనని మాత్రం సంతకం పెట్టలేదు. ఆ పెట్టని సంతకమొక్కటే మనకు మిగిలిన దేశం. దాన్ని కాపలా కాయొద్దూ?"

ఇటువంటి మనిషికి తెలియకుండా, హిల్యాతోబాటు మిల్లులో పనిచేసే సాల్మె 1961లో ఎస్టోనియా పౌరసత్వం వదులుకుని బ్రిటిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టింది. ఆమె అక్క స్వీడన్‌లో, స్టాక్‌హోంలో ఉంది. చూసి పదిహేడేళ్ళయింది. పరదేశీయులకు పోలీసులిచ్చే గుర్తింపు పుస్తకంలో సాల్మెకు 'దేశం: అనిశ్చితం' అని ఉండడంవల్ల రెండుసార్లు ప్రయాణానికి అనుమతి రాలేదు. అక్కకు ఇప్పుడు కళ్ళు మసకబారుతున్నాయి. చూపుండగానే చెల్లెలి ముఖం చూడాలని ఉత్తరం వ్రాయించింది.

అంతా బాగానే ఉంది కాని, చట్టం ప్రకారం స్థానిక పత్రికలో ప్రకటన వేయించాలి. 'సాల్మె ఊస్ అను నాకు పౌరసత్వమీయరాదనుటకు కారణమెరిగినవారు ప్రభుత్వమునకు లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.'

"చచ్చానే హిల్యా! ఆ మహానుభావుడు పత్రికలో చేపల ధరలతో సహా చదువుతాడు" అంది సాల్మె.

"చదవడమేమిటి, 'తెలియజేయవలెను' అని ఆయన్ను ప్రభుత్వమే బతిమాలుతోంది! పిలవని పేరంటానికే ఆరు పుటలు వ్రాసే మనిషి, పిలిస్తే ఊరుకుంటాడా?"

రెండు వారాలు సాల్మెకు నిద్రలేదు. ఆదివారం చర్చిలో కాసిక్ గారు ఎప్పటిలాగే టోపీ తీసి నమస్కరించి, వాన గురించి మాట్లాడారు. దానితో ఆమెకు భయం రెట్టింపయింది. చివరకు తెగించి, జీలకర్ర వేసిన నల్లరొట్టె ఒకటి చంకన పెట్టుకుని ఆయన గదికి వెళ్ళింది.

"కాసిక్ గారూ, వ్రాశారా?"

"వ్రాశాను."

"ఎన్ని పుటలు?"

"తొమ్మిది" అంటూ నకలు చేతికిచ్చారు.

సాల్మె నిలబడే చదివింది. ఈమె వంటి నిజాయితీపరురాలిని పౌరురాలిగా పొందడం మీ దేశానికి గౌరవమని రెండు పుటలు. ఈమెకు దేశం లేదని మీ గుమాస్తా వ్రాసినది శుద్ధ అబద్ధమని ఆరు పుటలు. చివరిది ఆమె జనన పత్రానికి నకలు. అసలు పత్రం దేశం విడిచి వచ్చేటప్పుడు పడవలోంచి సముద్రం పాలయిందని అందరికీ తెలుసు.

"ఇది మీకెక్కడిది?"

"పడవ ఎక్కేముందు రేవులో మూడు రోజులు కాచుకున్నాం కదా? అందరి కాగితాలూ అడిగి చేత్తో వ్రాసుకున్నాను. పిచ్చివాడని మీరే నవ్వారు."

పక్కనే అటువంటి ఉత్తరాల నకళ్ళే లావుపాటి కట్ట ఒకటి ఉంది. హిల్యా పేరు, చర్చి గుమాస్తా పేరు... ముప్పై ఎనిమిది మంది. అందరూ ఆయనకు తెలియకుండా దరఖాస్తు పెట్టుకున్నవారే!

"ఒక్కరికీ చెప్పలేదేమండీ?"

"దాచాలని అంత కష్టపడుతుంటే, తెలిసిపోయిందని చెప్పడం మర్యాదా?" అన్నారు కాసిక్ గారు. "ఆ పౌరసత్వ పత్రంలో 'పూర్వపు దేశం: ఎస్టోనియా' అని వ్రాసి రాజముద్ర వేస్తారు. వెళ్ళండి, అక్కగారిని చూసి రండి. నాకు ముద్ర, మీకు ఓడ."

"మరి మీరు పెట్టుకోరా దరఖాస్తు?"

"అందరం వెళ్ళిపోతే ఎలా? దేశమన్నాక ఇంట్లో ఒకరైనా ఉండాలి."

సాల్మె కళ్ళు తుడుచుకుని రొట్టె బల్లమీద పెట్టింది. "అయితే పౌరుడుగారూ, నేనిక పరాయి దేశపుదాన్ని. తిరిగొచ్చాక మీ దేశంలోకి రానిస్తారా?"

కాసిక్ గారు గంభీరంగా సొరుగు తెరిచి, నిజంగానే ఒక పాత ఎస్టోనియా వీసా పత్రం తీసి, కలం సిరాలో ముంచారు.

"రాకకు కారణం?"

"కాఫీ."

"ఎన్నాళ్ళు?"

"ఆదివారాలన్నీ."

కాసిక్ గారు ముద్ర వేసి, ఆరేదాకా ఊది, రెండు కప్పులు కడగడానికి లేచారు.