ఒక్కపొద్దు ఉగ్గాణి

పోయిన వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం, మా వీధి చివర ఉండే లక్ష్మక్క గుడి నుంచి వస్తూ మా గడప మీద కూలబడింది. కూతురి కడుపు పండాలని ఏడు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకుందామె. ఆ రోజు ఆఖరి శనివారం.

"కండ్లు తిరుగుతాండాయి షమీమా" అంది.

"మా ఇంట్లో తింటావా అక్కా?" జంకుతూనే అడిగాను.

"ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకుండా ఏదన్నా చెయ్, తింటా."

బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, పచ్చిమిర్చి తాలింపు పెట్టి పది నిమిషాల్లో ఉగ్గాణి చేశాను. ఉల్లిపాయల బుట్ట వైపు కూడా చూడలేదు. ఎప్పటిలాగే చివర్లో పప్పులపొడి చల్లి ప్లేటు చేతికిచ్చాను. ఆమె సగం తిన్నాక, పొడి సీసాకు మూత పెడుతుంటే వాసన తగిలింది. ఆ పొడి వెల్లుల్లి వేసి దంచిందే.

"అక్కా, తినొద్దు. పొడిలో తెల్లగడ్డ ఉండాది."

"మొదటి ముద్దకే తెలిసింది లేమ్మా. అంత ఆత్రంగా చేసి పెడితివి, ఎట్ల వద్దనేది?" అని మిగిలింది కూడా తినేసింది.

మరుసటి వారం నుంచి మొక్కు మళ్ళీ మొదలుపెట్టిందని ఆమె కోడలు చెప్పింది. ఆ ఎండల్లో ఇంకో ఏడు శనివారాలు.

ఆ మాట విన్న సాయంత్రమే నేను వెల్లుల్లి లేని పొడి కొట్టి వేరే సీసాలో పోసి పెట్టాను. లక్ష్మక్క ఇప్పటికీ మా ఇంటికొస్తుంది, టీ తాగి కబుర్లు చెప్పి పోతుంది. శనివారం మాత్రం పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి గుడికి పోతుంది. ఆ సీసా మూత ఇంతవరకు తీయలేదు.

– షమీమ, ప్రొద్దుటూరు