నవ్వు ఆపుకున్న మనిషి

మైదానం మధ్యలో నిలబడి మా ఆయన తన జట్టువాళ్ళతో గట్టిగా ఒక జోకు వేశారు. "ఒరేయ్, ఆ బొజ్జాయన ఇంకోసారి పరిగెత్తాడంటే ఈ గడ్డంతా పీకేసి కొత్తది వేయించాలిరా!" మనవాళ్ళు పగలబడి నవ్వారు. ఎదుటి జట్టులో ఆ బొజ్జాయన పక్కనే నిలబడ్డ సన్నటి మనిషి మాత్రం కింది పెదవి కొరుక్కుని, తల దించుకుని, నవ్వు ఆపుకున్నాడు.

నేను మైదానం పక్కన కూర్చుని పిల్లలకి బిస్కెట్లు పంచుతున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతనికి తెలుగు వచ్చు.

అందులో భయపడడానికి ఏముందో తెలియాలంటే ఆ ఆట గురించి కొంచెం చెప్పాలి. మా ఆయన పని చేసే కంపెనీ ఓనరు కొడుకు అమెరికాలో చదువుకుని బహ్రెయిన్ తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి వెంట తెచ్చుకున్నాడు. మా పిల్లలు దాన్ని కోడిగుడ్డు బంతి ఆట అంటారు. అసలు ఆటలో మనుషుల్ని గుద్ది పడేస్తారట. ఇక్కడ కంపెనీల మధ్య ఆడేది అంత మొరటుది కాదు. ఒక్కొక్కరి నడుముకి రెండు గుడ్డ పీలికలు వేలాడతాయి. బంతి పట్టుకున్నవాడి పీలిక లాగేస్తే చాలు, వాడు పడిపోయినట్టే. జట్టుకి ఏడుగురు. ఒకడు వెనక నిలబడి బంతి విసరాలి, మిగతావాళ్ళు ముందుకి పరిగెత్తి అందుకోవాలి.

ఆ విసిరేవాడు మా ఆయన. కర్జకాన్ సైటులో పై అంతస్తు మేస్త్రీ ఎవరో కొలత టేపు అడిగితే ఈయన కింద నుంచి విసిరారట. అది సరిగ్గా అతని అరచేతిలో పడిందట. కాలేజీలో క్రికెట్ ఆడేటప్పుడు బౌండరీ దగ్గర నిలబడి విసిరిన చెయ్యి అది. ఓనరు కొడుకు ఆ టేపు గాలిలో వెళ్ళడం చూశాడు. కొద్ది రోజులకే మా ఆయన సైటు నుంచి మనామా ఆఫీసులో స్టోరుకి మారారు. ప్రాక్టీసుకి దగ్గరగా ఉండాలని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కంపెనీ ఫ్లాటు ఇచ్చారు. అప్పటిదాకా ఆయన పనివాళ్ళు ఉండే క్యాంపులో, నేను ఇద్దరు పిల్లలతో కాకినాడలో. ఫ్లాటు ఉంది కాబట్టి మేం వచ్చాం. బయట అద్దెకి తీసుకుని పిల్లల్ని పెట్టుకునే జీతం కాదు ఆయనది. జట్టు గెలిచినన్నాళ్ళూ ఫ్లాటు మాదే అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనక్కర్లేదు కూడా. నలుగురం ఒకే కప్పు కింద పడుకోవడమన్నది ఆయన భుజం మీద ఆధారపడి ఉందని నాకు తెలుసు.

మా జట్టులో తెలుగువాళ్ళు ఐదుగురు. అందరూ మా గోదావరి వైపువాళ్ళే. అది కూడా ఓనరు కొడుకు తెలివే. "అమెరికాలో అంకెలు, సైగలు, రహస్య పదాలు, ఎంత తతంగమో! మీకవన్నీ దేనికి? మీ భాషే చాలు," అన్నాడట. గుమిగూడి గుసగుసలాడుకుంటే ఎదుటివాళ్ళకి సర్దుకునే టైము దొరుకుతుంది, అందుకని నిలబడ్డచోటి నుంచే అరవమన్నాడు. మా ఆయన అరిచేవారు. "పొడుగు, ఎడమకి, నువ్వే!" "పొట్టిది, లోపలికి తిరుగు!" అంతే. ఎదుటివాళ్ళు దిక్కులు చూస్తుండగానే బంతి వెళ్ళిపోయేది.

అందరం అలాగే ఉండేవాళ్ళం, నాతో సహా. లిఫ్టులో పక్కవాళ్ళ సెంటు వాసన గురించి, హూరాలో కోల్డ్ స్టోర్ (ఇక్కడ కిరాణా కొట్టుని అలాగే అంటారు) అతని పిసినారితనం గురించి అతని ఎదురుగానే నవ్వుతూ మాట్లాడుకునేవాళ్ళం. తెలుగంటే తలుపేసుకున్న గది అనుకునేవాళ్ళం. ఈ దేశంలో ఎన్ని క్యాంపుల నిండా కరీంనగర్, నిజామాబాద్ వైపు మనుషులున్నారో రోజూ చూస్తూనే ఉన్నాం. పొద్దున్నే కంపెనీ బస్సుల కిటికీలకి తలలానించి నిద్రపోయే మనుషులు. తెలుగు తెలిసినవాళ్ళు అనగానే వాళ్ళెవరూ మాకు గుర్తు రాలేదు.

ఆ శనివారం ఎదుటి జట్టు ఇంకో కట్టుబడి కంపెనీ వాళ్ళది. ఇంతకుముందు ఆడినవాళ్ళందరూ ఈయన మీదికి గుంపుగా ఉరికేవాళ్ళు, వాళ్ళ నెత్తి మీదుగా ఈయన విసిరేసేవారు. వీళ్ళు అలా చేయలేదు. ఒక్కణ్ణే మీదికి పంపారు, ఆ సన్నటి మనిషిని. మిగతా ఆరుగురు వెనక్కి జరిగి రెండు వరసలుగా నిలబడ్డారు. బాగా వెనక ఉన్న ఇద్దరూ ఎవరు ఎటు ఉరికినా కదలరు, తమని దాటి ఎవరూ వెళ్ళకుండా చూసుకుంటారు, అంతే. దగ్గరి బంతులు అందుకోనిచ్చేవాళ్ళు. అందుకున్న మరుక్షణం పీలిక లాగేసేవాళ్ళు. పోతే నాలుగడుగులు పోతాయి, పోనీ అన్నట్టు. పొడుగు బంతి తప్ప మా ఆయనకి రుచించదు. అది విసరడానికేమో వాళ్ళు చోటివ్వరు.

ఆ సన్నటి మనిషి నవ్వు ఆపుకున్నాక నేను బంతిని చూడడం మానేసి అతన్నే చూశాను. మా ఆయన "ఎడమకి" అనగానే అతని ఎడమ చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. "కుడి" అనగానే కుడి చెయ్యి. "పొడుగు" అంటే మెడ గోక్కున్నాడు. వెనక ఇద్దరూ అతని వీపునే చూస్తున్నారు.

విరామంలో పిల్లల్ని అక్కడే వదిలేసి పరిగెత్తాను.

"ఏవండీ, ఆ సన్నటతనికి తెలుగొచ్చు. మీరు చెప్పేవన్నీ వాళ్ళకి సైగలు చేస్తున్నాడు."

"మొదలెట్టావా? పొద్దున గ్యాస్ కట్టేశానా లేదా అని నన్ను రోడ్డు మీంచి వెనక్కి తిప్పలేదూ నువ్వు?"

"ఇది గ్యాస్ కాదండీ. మీ జోకుకి నవ్వాడు."

"నా జోకుకి గాడిద కూడా నవ్వుతుంది," అన్నారు నీళ్ళు తాగుతూ.

జట్టులో కుర్రాడొకడు, అమలాపురం వైపువాడు, "వదినా, ఆడు బెంగాలీ అండి. మొకం సూడండి, ఎండకి మాడిపోయి ఎలాగున్నాడో," అన్నాడు. అందరూ నవ్వారు. మాడిన మొహం తెలుగు మాట్లాడదని వాళ్ళ ధీమా. ఓనరు కొడుకు దూరంగా కుర్చీలో కూర్చుని మా వైపు చూస్తున్నాడు. ఆట మధ్యలో ఆడవాళ్ళు రావడం అతనికి నచ్చదని మా ఆయన కళ్ళతోనే నన్ను వెనక్కి పంపేశారు.

రెండో సగంలో మొదటి బంతి. "పొడుగు, కుడికి, నువ్వే!" అతను మెడ గోక్కున్నాడు, కుడి చెయ్యి నడుం మీద పెట్టాడు. బంతి గాలిలో అందంగా తిరుగుతూ వెళ్ళింది. ఎంత మంచి విసురో అది! మా అమలాపురం కుర్రాడు చేతులు చాచేలోపల వెనక ఉన్న ఇద్దరిలో ఒకడు, సామాన్ దింపుకుంటున్నంత నింపాదిగా, అందుకుని వెళ్ళిపోయాడు.

మూడోసారి కూడా అలాగే జరిగాక మా ఆయన ఇటు తిరిగి నన్ను చూశారు. అప్పటికి నమ్మారు. వెంటనే అరవడం ఆపి, ఇంగ్లీషులో చెప్పబోయారు. ఒకడు లోపలికి, ఇంకొకడు బయటికి వెళ్ళాల్సింది, ఇద్దరూ ఒకేచోటికి వెళ్ళి గుద్దుకున్నారు. బొజ్జాయన చప్పట్లు కొట్టాడు. ఇక గుమిగూడి చెవుల్లో చెప్పుకున్నారు. దాంతో ఎదుటివాళ్ళకి కావలసినంత టైము దొరికింది, ఆరుగురూ హాయిగా వెనక్కెళ్ళి నిలబడ్డారు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ మనిషి సైగ వాళ్ళకి మొదట్లోనే అవసరం, ఇప్పుడు అతను లేకపోయినా ఒకటే. బంతి చేత్తో పట్టుకుని నేల మీద పరిగెత్తి నాలుగడుగులు సంపాదించడం మావాళ్ళు ఒక్కనాడూ నేర్చుకోలేదు. విసరడమొక్కటే వచ్చు. దాటితే పాయింట్లొచ్చే చివరి గీత దగ్గరికొచ్చేసరికి దాని వెనక చోటే లేదు, విసరడానికి ఎక్కడికని? మా ఆయన బంతి పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడితే ఆ సన్నటి మనిషి వచ్చి నెమ్మదిగా పీలిక లాగాడు.

ఆట ఓడిపోయాక నేను నీళ్ళ డబ్బా దగ్గర ఉంటే అతనే వచ్చాడు.

"అక్కా, నారాజ్ గాకు. మా ముదీర్, గదే మేనేజరు, పొద్దుగాల క్యాంపుల అడిగిండు, తెలుగు ఎవలకొస్తదని. సగం క్యాంపు చెయ్యి లేపింది. నేను జర ఉరుకుతనని నన్ను తోల్కచ్చిండ్రు. గీ ఆట నాకేం ఎర్క లేదు."

"నువ్వు నవ్వినప్పుడే తెలిసింది నాకు," అన్నాను.

"ఏం జేయాలె అక్కా, అన్న జోకులు మంచిగేస్తడు. బొజ్జ సారుకు మాత్రం జెప్పలే, ఒట్టు." తర్వాత మా పిల్లల్ని చూసి, "దుబాయిల పిల్లలను దెచ్చుకున్నరు. మీది మంచి నసీబు," అన్నాడు. అతనికి గల్ఫంతా దుబాయే. వాళ్ళ పాప బడికి పోతుందని, తను చూసి చాలా కాలమైందని చెప్పి, ఎవరో "యల్లా!" అని పిలిస్తే బస్సు వైపు ఉరికాడు. కోపం తెచ్చుకుందామంటే ఆ మనిషి మీద రాలేదు. అదే నాకు మరీ మంట.

ఓనరు కొడుకు తిట్టలేదు. అతను ఎప్పుడూ ఎవరినీ తిట్టడు. మా ఆయన భుజం మీద, ఆ విసిరే భుజం మీదే, చెయ్యేసి బాగా ఆడావు అన్నాడు. తెలుగులో అరవమన్నది తనేనని అతనికి గుర్తుందో లేదో. ఆ సన్నటివాడు ఎవరు, మన దగ్గరికి వస్తాడేమో కనుక్కో అన్నాడు. ఆ తర్వాత, కారు తలుపు తీస్తూ, స్టోరు ఇంకెవరికో అప్పజెబుతున్నానని, కర్జకాన్‌లో మనుషులు తక్కువగా ఉన్నారని, ఫ్లాటు నెలాఖరుకి ఖాళీ చేస్తే చాలని, తొందరేమీ లేదని చెప్పాడు. "ఖలాస్?" అని నవ్వాడు. అయిపోయింది కదా అని. మా ఆయన తలూపారు.

ఇంటికొచ్చేదాకా ఆయన ఒకే మాట అన్నారు. "నేను చెప్పాను కదా అని మాత్రం అనకు."

అనలేదు. అనడానికి ఆ మాట నాలుక చివరే ఉంది, ఇప్పుడిది రాస్తున్నప్పుడు కూడా ఉంది. నేను భయపడ్డ ప్రతిసారీ వీళ్ళంతా నవ్వుతారు. గ్యాస్ కట్టేసే ఉంటుంది, తాళం వేసే ఉంటుంది, నా భయానికి విలువ అలా పోయింది. ఈ ఒక్కసారి నేను చూసింది నిజం. ఆ నిజంతో నాకు ఒరిగిందేమిటి? గెలిచినా మళ్ళీ ఓడేదాకానే కదా ఆ ఇల్లు. ఒకడి సరదా మీద నిలబెట్టిన సంసారం మాది. అది తెలిసి కూడా పిల్లలకి బడి మార్పించాను, బాల్కనీలో కొత్తిమీర వేశాను.

మర్నాడు ఆదివారం, ఇక్కడ బడి ఉండే రోజే. పొద్దున బడి బస్సుకి పిల్లల్ని తీసుకుని కిందికి వస్తున్నాను. లిఫ్టులో మాతో పాటు పై అంతస్తు మలయాళీ దంపతులు, ఎవరో డ్రైవరు, నేనెప్పుడూ చూడని ఇంకొకతను ఉన్నారు. ఆరేళ్ళ మా అమ్మాయి అడిగింది, "అమ్మా, వచ్చే శనివారం నాన్న ఆట ఉందా?"

"లేదు. నాన్నని తీసేశారు."

"ఎందుకు?"

"ఓడిపోయినందుకు. ఈ ఇల్లు కూడా తీసేసుకుంటున్నారు. నెలాఖరుకి నువ్వు, నేను, తమ్ముడు కాకినాడ వెళ్ళిపోతున్నాం."

"నాన్న?" అన్నాడు చిన్నవాడు.

"నాన్న క్యాంపులో ఉంటాడు. ఫోన్లో మాట్లాడతాడు. బడిలో ఎవరైనా అడిగితే సెలవులకి వెళ్తున్నామని చెప్పకండి. ఓనరు కొడుక్కి మా నాన్న విసరడం ఇష్టం, ఓడడం ఇష్టం లేదు, అందుకని పంపేశాడని చెప్పండి."

లిఫ్టులో ఆ కొత్త మనిషి నా వైపు చూశాడో లేదో నేను చూడలేదు. అర్థమైతే కానివ్వు అనుకున్నాను. అంతా తెలుగులోనే, గట్టిగానే చెప్పాను.