మునిగిన రూపాయి బిళ్ళ

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి. అది మాత్రం లోపలికీ పోదు, బయటికీ రాదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఓదార్చకండి. చివరిదాకా చదవండి చాలు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఊరుకునే మనిషిని కాను. వీధి దీపం వెలగకపోతే మునిసిపాలిటీకి, బస్సు ఆపకుండా పోతే డిపోకి అర్జీ పెడతాను. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో తారీఖుతో సహా గుర్తుంటుంది. ఒక పెళ్ళిలో నన్ను లేపి రెండో బంతిలో కూర్చోబెట్టిన బంధువు గడప ఇప్పటికీ తొక్కలేదు. దీన్ని ఆత్మగౌరవం అనుకుంటూ వచ్చాను. కాదేమో.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. ఆ ఏడాది విశాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సొంతవూరు రావికమతం పక్కన, చెరకు రైతుల ఇల్లు. పీహెచ్‌డీ చేస్తోంది. పేరు రాయను. మన ఒంట్లో ప్రతి కణమూ రోజూ కొత్త ప్రోటీన్లు కట్టుకుంటుంది, పాతవి విడగొట్టుకుంటుంది. తిండి తగ్గినప్పుడు ఆ పని ఎలా సాగుతుంది? ఒళ్ళు దేన్ని ఆపుకుంటుంది, దేన్ని నిలబెట్టుకుంటుంది? అదీ ఆమె పరిశోధన. వానాకాలంలో, పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని రోజుల్లో, ఏజెన్సీలో కొండ కుటుంబాల రక్తం తీసి, కింది ఊళ్ళ వాళ్ళ రక్తంతో పోల్చాలి. రక్తం తీసే పని నాది. తీసిన రక్తంలోంచి రసం వేరుచేసి, విశాఖ తీసుకెళ్ళేదాకా ఐసులా గడ్డకట్టించి ఉంచాల్సింది మా ల్యాబు డీప్ ఫ్రీజర్లో.

కొండమీద ఒక ముసలమ్మ చెయ్యి చాపి అడిగింది. "మా రగతం సూత్తే మా ఆకలి తెలుస్తాదేటి?" అమ్మాయి నవ్వింది. "తెలుస్తాది అమ్మమ్మా. తెలిసింది నేనే వచ్చి సెప్తాను."

ఫ్రీజర్లో ఆమె ఒక ఏర్పాటు చేసింది. ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టింది. ఎప్పుడైనా చల్లదనం పోయి ఐసు కరిగితే బిళ్ళ అడుక్కి దిగిపోతుంది. తర్వాత మళ్ళీ గడ్డకట్టినా అది అడుగునే ఉండి జరిగింది చెప్పేస్తుంది.

ఇక నాకు జరిగిన అవమానాలు. అవును, వీటిని రాయకుండా ఉండలేను. ఆమె అందరినీ సార్ అనేది, నన్ను బాబాయ్ అనేది. కొండమీద క్యాంపు ముగిసిన రోజు అందరూ వరసగా నిలబడి ఫోటో తీయమని ఫోను నా చేతికిచ్చారు. ఆ ఫోటోలో జీపు డ్రైవరున్నాడు, నేను లేను. తర్వాత, ఫలితాలు రాకముందే, పరిశోధన ఎలా చేస్తోందో ఒక సదస్సులో చూపడానికి పెద్ద పోస్టరు తయారు చేసి, శనివారం నాడు నాకూ వాట్సాప్‌లో పంపింది. అడుగున కృతజ్ఞతలు. డ్రైవరు పేరుంది. నా పేరు లేదు. మూడుసార్లు వెతికాను. అందరి చేతులూ వెతికి, గుచ్చి, రక్తం తీసింది నేను.

మర్నాడు ఆదివారం. పెద్ద గాలీవానా. స్తంభాలు పడిపోయి ఊరంతా కరెంటు పోయింది. ల్యాబులో జనరేటర్ ఉంది, చేత్తో వెయ్యాలి. తాళం నా దగ్గరే. మా ఇంటి నుంచి ఐదు నిమిషాల నడక. అమ్మాయి ఫోను చేసింది. ఎత్తలేదు. వెళ్ళి జనరేటర్ వేసి ఫ్రీజర్ చూడమని మెసేజి పెట్టింది. సరే అని జవాబిచ్చి, పక్కమీద వాలాను. డ్రైవర్ని పంపించుకోనీ, అనుకున్నాను. అక్షరాలా అదే మాట అనుకున్నాను.

సోమవారం ఉదయం ఫ్రీజర్ తలుపు తీస్తే గోరువెచ్చటి గాలి ముఖానికి తగిలింది. గొట్టాల్లో రక్తరసం నీళ్ళలా కదులుతోంది. కప్పులో బిళ్ళ అడుగున ఉంది. నేను బిళ్ళ తీసి, చొక్కాకి తుడిచి, జేబులో వేసుకున్నాను. మధ్యాహ్నం కరెంటు వచ్చి, సాయంత్రానికి నీళ్ళు గడ్డకట్టాక పైన పెట్టాను.

భయంతో చేశానా, కక్షతోనా? ఉదయం భయమే, ఒట్టు. కానీ ఉదయానికీ సాయంత్రానికీ మధ్య ఒక పూటంతా ఉంది కదా. ఆ పూటంతా నా జేబులో బిళ్ళ ఉంది, ఫోనూ ఉంది. చెప్పెయ్యాలని ఒకసారైనా అనిపించలేదా? అనిపించింది. అనిపించిన ప్రతిసారీ ఆ పోస్టరు తెరిచి చూసుకున్నాను.

మూడో రోజు అమ్మాయి వచ్చింది. ముందు కప్పే చూసింది. బిళ్ళ పైనే ఉంది. నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

కొండవాళ్ళ రక్తంలో ప్రోటీన్లు విరిగిన ముక్కలు విపరీతంగా కనబడ్డాయి. ఆకలి రోజుల్లో ఒళ్ళు తన్ను తానే తింటోందని ఆమె రాసింది. అందరూ మెచ్చుకున్నారు. వెచ్చదనానికి గొట్టంలో పడి ఉన్న రక్తంలోనే ఆ ప్రోటీన్లు విరిగి ఉంటాయని నాకు తర్వాత, పుస్తకాలు తిరగేశాక అర్థమైంది. కింది ఊళ్ళ నమూనాలు ఆ గాలివానకి ముందే విశాఖ వెళ్ళిపోయాయి. అందుకే తేడా అంత గొప్పగా కనబడింది. మరుసటి ఏడాది అవే ఇళ్ళలో మళ్ళీ రక్తం తీసి, నేరుగా విశాఖ పట్టుకెళ్ళారు. ఆ తేడా లేదు. మొదటి అంకెలు ఆమె కల్పించిందని ఆమె గైడు అనుమానించాడు.

అప్పుడు ఒక మధ్యాహ్నం ఆమె ల్యాబుకి వచ్చింది. పేషెంట్ల బెంచీ మీద కూర్చుంది. సన్నబడిపోయింది.

"బాబాయ్, ఒక్కమాట అడుగుతాను, ఏటనుకోకండి. ఆ ఆదివారం జనరేటర్ వేసేరా?"

"వేసేను కదమ్మా."

"ఒకేల మర్సిపోయుంటే సెప్పండి. కాయితమ్మీద రాసి సంతకం ఎడితే సాలు, నా పీహెచ్‌డీ నిలబడతాది. మిమ్మల్ని ఎవరూ ఏటనరు. నేను అననివ్వను."

"నువ్వే వచ్చి సూసేవు. బిళ్ళ ఎక్కడుంది?"

"పైనే ఉంది." తర్వాత నవ్వబోయింది. "నాది బుద్ధి తక్కువ బాబాయ్. ఏదైనా తేడా జరిగితే మీరు ఊరుకుంటారేటి? డీజిల్ లేదని మా ఊరిదాకా ఇనబడేలాగ గొడవ సేసుందురు."

నేనూ నవ్వాను. నా కోపిష్టితనాన్నే ఆమె నా నిజాయితీకి సాక్ష్యంగా తీసుకుంది. నేను తీసుకోనిచ్చాను. టీ తెప్పించనా అని కూడా అడిగాను.

ఆమె చదువు అక్కడితో ఆగిపోయింది. గడువు దాటిపోయింది, గైడు రిటైరయ్యాడు, ఆ గొట్టాలు ఎప్పుడో పారేసి ఉంటారు. యలమంచిలి వైపు ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతోంది. కణం ప్రోటీన్లు ఎలా కట్టుకుంటుందో కూడా చెప్పాల్సి వస్తుంది కదా. అప్పుడు ఆమె గొంతు ఎలా ఉంటుంది? కొండమీదకి తర్వాత ఇంకో బృందం వెళితే జనం చెయ్యి చాపలేదట. రెండుసార్లు ఇచ్చాం, ఏం తెలిసిందో ఎవరూ వచ్చి చెప్పలేదు అన్నారట.

పోయినేడు ఆ కాలేజీ దాకా వెళ్ళాను. చెప్పెయ్యాలనే వెళ్ళాను. ఆమె నన్ను చూసి ఆనందంగా ఎదురొచ్చింది, ఇంట్లో అందరి క్షేమమూ అడిగింది. నేను బస్సు ఆలస్యం గురించి పావుగంట ఫిర్యాదు చేసి తిరిగొచ్చేశాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఇంత జరిగినా, ఆ ఫోటో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పశ్చాత్తాపం వస్తే కోపం కరుగుతుందంటారు. నాలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్నొకటి తగ్గించడం లేదు.

ఇప్పుడు చెప్పినా ఆమెకి ఒరిగేదేమీ లేదు. పైగా ఆమె నమ్మిన ఒక మనిషి పోతాడు. ఇది నిజంగా ఆమె మంచి కోసమే అనుకుంటున్నానా? కాదు. ఆమె ముఖం చూడలేక అంటున్నాను. ఈ కాగితానికి కూడా నా పేరు పెట్టడం లేదు, చూశారుగా.

అయినా ఎక్కడో ఒకచోట ఆ మాట ఉండాలి. ఇంతకాలం నోట్లోంచి రానిది, పెన్నుకి కూడా రాదేమో అనుకున్నాను. వస్తోంది.

ఆ ఆదివారం నేను జనరేటర్ వెయ్యలేదమ్మా.