జాలి పడని చోటు

మొగుణ్ని మట్టిచేసి వారం తిరక్కుండానే లియోటా ప్రూయిట్ పేకాట క్లబ్బుకి బయల్దేరిందని తెలిసి ఆ వీధి ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోరూ మరి. ట్యూనా చేప, నూడుల్సు కలిపి వండిన గిన్నెలు తలా ఒకటి తెచ్చి ఆమె ఫ్రిజ్జు నింపినవాళ్లాయె. గిన్నె ఇచ్చినందుకు కాస్త ఏడుపైనా చూసి వెళ్దామనుకుంటారు ఎవరైనా. సమాధి దగ్గర కూడా ఆమె కంట చుక్క నీరు రాలలేదు. టోపీ సర్దుకుని, పాస్టరుకి థాంక్స్ చెప్పి, కారెక్కి కూర్చుంది.

ఆమెది రాతిగుండె అని కొందరన్నారు. కానీ పాపం, సంగతి అది కాదు. ఏడుద్దామని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి భుజం మీద చెయ్యి వేసేవారు. వేసిన చెయ్యిని ఓదార్చడానికే ఆమెకి ఓపిక సరిపోయేది. "నేను బాగానే ఉన్నానమ్మా, నువ్వు కూర్చో, కాఫీ తాగుతావా" అంటూ.

లియోటా నెబ్రాస్కా పిల్ల. దుమ్ము తుఫాన్లకి పొలం పోతే తండ్రి పరుపులూ కోళ్లూ పిల్లల్నీ ఒకే లారీలో వేసుకుని కాలిఫోర్నియా వచ్చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె విమానాల ఫ్యాక్టరీలో రేకులకి రివెట్లు కొట్టింది. భోజనం గంటలో బల్ల మీద రెంచీలు పక్కకి నెట్టి, తోటి ఆడవాళ్లు ఆమెకి పోకర్ నేర్పారు. యుద్ధం అయిపోయింది, మగవాళ్లు తిరిగొచ్చారు, ఆడవాళ్లని ఇళ్లకి పొమ్మన్నారు. రివెట్లు పోయాయి గానీ పోకర్ మిగిలింది. డెల్ ప్రూయిట్ బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు, జన్మలో పేక ముట్టలేదు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే గార్డెనా ఊళ్లోని పేకాట క్లబ్బు గుమ్మం దగ్గర ఆమెని దింపి, తను చేపలు పట్టుకోవడానికి సముద్రం ఒడ్డుకి పోయేవాడు. "గెలిచావా" అని ఎప్పుడూ అడగలేదు. "ఎవణ్నైనా ఏడిపించావా" అని అడిగేవాడు.

జనం డబ్బాశతో ఆడతారని పాస్టరు అంటాడు, పత్రికలవాళ్లూ అంటారు. వాళ్లు ఏనాడైనా ఆ బల్ల దగ్గర కూర్చుంటే కదా. గార్డెనాలో పేక పంచేది క్లబ్బు మనిషి కాదు, ఆడేవాళ్లే వంతులవారీగా పంచుకుంటారు. క్లబ్బు తీసుకునేది కుర్చీ అద్దె. అరగంటకోసారి ఏప్రన్ కట్టుకున్న పిల్ల వచ్చి గెలిచినవాడి దగ్గరా వసూలు చేస్తుంది, ఓడినవాడి దగ్గరా వసూలు చేస్తుంది. ఏడాది తిరిగేసరికి బాగుపడేది క్లబ్బు ఒక్కటేనని అక్కడ కూర్చున్న ముసలాళ్లందరికీ తెలుసు. తెలిసీ మర్నాడు తలుపు తీయకముందే వచ్చి నిలబడతారు. మందు కూడా దొరకదు అక్కడ, మందు కోసం వస్తున్నారనడానికి.

మరి ఎందుకొస్తారంటే, లియోటా సంగతే తీసుకోండి. అరవై దాటిన ఆడమనిషి మొహం ఈ లోకంలో ఎవడు చూస్తాడు? మాంసం కొట్టువాడు త్రాసు వంక చూస్తూ ఆమెతో మాట్లాడతాడు. డాక్టరు ఆమె గుండె సంగతి ఆమె కూతురికి చెబుతాడు. అదే బల్ల ముందు కూర్చుని ఓ పందెం నెట్టిందా, అరడజను మంది పనులు మానుకుని ఆమె మొహంలోకే చూస్తారు. ఏముంది ఈవిడ చేతిలో, నిజమా, అబద్ధమా, ఏమాలోచిస్తోంది ఈ ముసలిది, అని చెమటలు పట్టేలా చూస్తారు. ఆ చూపు కోసం కుర్చీ అద్దె ఎంతైనా కట్టొచ్చు.

డెల్ పోయాక అందరూ ఆమెనే చూడసాగారు. కానీ కాలు విరిగిన కుక్కపిల్లని చూసే చూపు అది. కూతురు కొరీన్ మరీనూ. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, స్నానాల గది దాకా వెళ్తే అక్కడికి, వెనకే ఆ చూపు.

"నన్ను క్లబ్బు దగ్గర దింపవే" అంది లియోటా ఆ ఉదయం.

"నీకేమైనా మతి పోయిందా అమ్మా? నాన్న పోయి ఎన్నాళ్లయిందని?"

"ఇంట్లో ఉండి ఏం చెయ్యమంటావ్? నువ్వు నన్ను చూస్తుంటే నేను గోడల్ని చూస్తూ కూర్చోనా?"

"డబ్బు ఇబ్బందైతే చెప్పమ్మా. నేను లేనూ?"

తన కడుపున పుట్టిన పిల్ల కూడా ఇంతేనా అనిపించి లియోటాకి నీరసం వచ్చింది. లోకంలో ఆమెకింక జాలి పడని చోటు ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఎక్కడికెళ్లాలో ఆమెకి తెలియదు. కొరీన్ దారంతా ముక్కు ఎగబీలుస్తూ కారు నడిపి, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్లింది.

లోపల గోడకి పెద్ద నల్లబల్ల. ఆడదలచుకున్నవాళ్ల పొడి అక్షరాలు దాని మీద రాసి, కుర్చీ ఖాళీ అయినప్పుడు మైకులో పిలుస్తారు. ముందు చాలామంది పేర్లున్నాయి. అయినా ఆమెవే ముందు పిలిచారు. అప్పుడే ఆమె మనసు కీడు శంకించింది.

బల్ల దగ్గర హాగోప్ తెర్జియాన్ ఉన్నాడు. ఫ్రెస్నో నుంచి వచ్చిన ఆర్మేనియన్, పైపులు బాగుచేసే పని నుంచి రిటైరయ్యాడు, నోరు మాత్రం రిటైరవ్వలేదు. లియోటా కనపడితే చాలు, "వచ్చిందండీ గయ్యాళి, జేబులు పట్టుకోండి" అని హాలంతా వినపడేలా అరిచేవాడు. ఆ రోజు లేచి నిలబడి ఆమెకి కుర్చీ జరిపాడు. పక్కన ఇమోజీన్, పియానో పాఠాలు చెప్పే ఆవిడ, అల్లిక సూదులు ఒళ్లో పెట్టి లియోటా చెయ్యి నిమిరింది. తోటపని చేసే షిగేరు ఒక్కడే ఎప్పట్లా తలాడించి ముక్కలు కలుపుకున్నాడు. అతన్ని చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"ఏమయ్యా హాగోప్, నాలిక ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అంది లియోటా.

"లేదమ్మా. కాఫీ చెప్పనా నీకు?"

హాగోప్ నోట కాఫీ మాట ఆ హాల్లో ఎవరూ విని ఎరగరు.

కాసేపటికి హాగోప్ మొదటి పందెం వేసి ఆట తెరిచాడు. ఇక్కడో కట్టుబాటుంది. చేతిలో జాకీల జోడీ గానీ, అంతకన్న మేలైనది గానీ ఉంటేనే మొదటి పందెం వెయ్యాలి. వేసినవాడు తరవాత ఓటమి ఒప్పుకుని ముక్కలు పడేసినా సరే, తనకి ఆ అర్హత ఉండిందని తిప్పి చూపించాలి. చూపలేకపోతే దొంగకింద లెక్క.

మిగతావాళ్లు తప్పుకున్నారు. లియోటా దగ్గర ఆసుల జోడీ ఉంది. పనికిరాని మిగతా మూడు ముక్కలూ ఇచ్చేసి కొత్తవి మార్చుకుంది. నాలుగుల జోడీ ఒకటి కలిసొచ్చింది. హాగోప్ ఒక్క ముక్క కూడా మార్చుకోలేదు. అంటే చేతిలో పెద్దదేదో ఉండాలి, లేదా ఉన్నట్టు నటిస్తుండాలి. ఆమె అతని మొహంలోకి చూసింది. అతను బల్ల వంక చూస్తున్నాడు. పందెం వెయ్యకుండా వంతు ఆమెకి వదిలేశాడు. అబద్ధం, అనుకుంది లియోటా. వెధవ, జాకీల జోడీ పెట్టుకుని నన్ను బెదిరిద్దామనుకున్నాడు, ఇప్పుడు ధైర్యం చాల్లేదు. ఆమె పందెం వేసింది. అతను ముక్కలు పడేశాడు.

ఎన్ని రోజుల తరవాతో ఆమె ఒంట్లో నెత్తురు కదిలింది. కనిపెట్టేశాను వీణ్ని. నా బుర్ర ఇంకా పనిచేస్తోంది, నేనింకా ఉన్నాను. ఆ సంతోషంలో, అలవాటుకొద్దీ, "ఏవయ్యా ఆ జాకీలు, చూపించు" అంది.

"ఉన్నాయిలేమ్మా. తీసుకో డబ్బు."

"ఉంటే తిప్పు. నిన్ను నమ్మిన రోజు ఒకటుందా?"

హాగోప్ పడేసిన ముక్కల మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టాడు. "సరే, లేవనుకో. దొంగాట ఆడాననుకో. ఏం జరిమానా వేస్తారో వెయ్యండి."

హాగోప్ ఎంత నోటి దురుసు మనిషైనా ఆటలో దొంగ కాడని అందరికీ తెలుసు. ఆ పేరు పడ్డవాణ్ని గార్డెనాలో ఏ క్లబ్బూ గుమ్మం ఎక్కనివ్వదు. హాలు మేనేజరు వచ్చాడు. "చెయ్యి తియ్యండి పెద్దాయనా" అని తనే ముక్కలు తిప్పాడు. జాకీ లేదు. జోడీ అసలే లేదు. రెండు, అయిదు, ఏడు, తొమ్మిది, రాణి, అన్నీ ఇస్పేట్లే. ఒకే గుర్తు అయిదు ముక్కలు. ఆమె రెండు జోడీల్ని కళ్లు మూసుకుని కొట్టే చెయ్యి.

దాన్ని పడేసే మూర్ఖుడు పోకర్లో పుట్టలేదు. ఎందుకు పడేశాడో బల్ల దగ్గర అందరికీ అర్థమైంది. లియోటాకీ అర్థమైంది. ఆమె మొహం మాడిపోయింది.

"నువ్వు కూడానా హాగోప్?" అంది. "మా వీధివాళ్లు ట్యూనా గిన్నెలు తెచ్చారు. నువ్విది తెచ్చావా?"

"అది కాదమ్మా."

"ఏది కాదు? డెల్‌తో పాటు నన్నూ పాతిపెట్టారా మీరంతా? మూడేళ్ల కిందట మీ ఆవిడ ఆరాక్సీ పోయాక నువ్విదే బల్లకొచ్చావు. నేను నీకు కుర్చీ జరిపానా? వదిలిపెట్టానా నిన్ను?"

"వదల్లేదు. ఒంటిమీద చొక్కా తప్ప అన్నీ ఊడ్చేశావు. పైగా పకపకా నవ్వావు." హాగోప్ తల ఎత్తలేదు. "ఆ రోజు కార్లో దారి పొడుగునా నిన్ను తిట్టుకుంటూ వెళ్లాను. తాళం తీసి లోపలికెళ్లేదాకా ఇల్లు ఖాళీ అన్న సంగతే గుర్తు రాలేదు నాకు. ఆరాక్సీ పోయాక నాకు ఊపిరాడింది ఆ కాసేపే."

"అంత తెలిసినవాడివి నాకెందుకయ్యా ఇలా చేశావు?"

"చేతకాలేదు. సంతాపానికి నువ్వేసుకున్న ఆ నల్ల గౌను చూశాను, చెయ్యి ఆడలేదు. అందరూ నీ అంత గట్టివాళ్లు కారమ్మా."

లియోటా సంచీ భుజానికి తగిలించుకుని లేచి నిలబడింది. పోయి ఎక్కడ కూర్చోవాలి? షిగేరు పేక కలిపి ఆమె ముందు పెట్టాడు. "పంచడం మీ వంతు" అన్నాడు, ఇంకేం జరగనట్టు. ఆమె కూర్చుంది.

ఆ తరవాత హాగోప్ ఆడాడు చూడండి, పగబట్టినట్టు ఆడాడు. ఆమె పందేనికల్లా రెట్టించాడు. ఆమె నిజం చెబితే తప్పుకున్నాడు, అబద్ధం చెబితే పట్టుకున్నాడు. ఆమె ముందున్న పందెం బిళ్లల దొంతర అరిగిపోయింది. చివరికో ఆటలో ఆమె చేతికి మూడు రాణులొచ్చాయి. హాగోప్ తనకున్నదంతా మధ్యలోకి నెట్టి, ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. చాలాసేపు చూశాడు. కుక్కపిల్లని చూసే చూపు కాదది. లియోటా లెక్కలు కట్టింది, అతని చెవులు చూసింది, చేతులు చూసింది, ఆఖరికి మూడు రాణుల్నీ బోర్లా పడేసింది.

హాగోప్ తన ముక్కలు ఒక్కొక్కటే తిప్పాడు. జాకీల జోడీ. ఇంకేం లేదు.

"డెల్ పోతూపోతూ నీ బుర్ర కూడా పట్టుకుపోయాడే గయ్యాళీ," అన్నాడు హాలంతా వినపడేలా.

ఇమోజీన్ చేతిలో సూది జారి కింద పడింది. పక్క బల్లవాళ్లు కూడా తలలు తిప్పారు. డెల్ పోయిన రోజు నుంచి బయటివాళ్లెవరూ ఆమె ముందు అతని పేరెత్తలేదు. "ఆ విషయం" అనేవారు, "జరిగినది" అనేవారు, పాస్టరైతే "ప్రభువు పిలుపు" అన్నాడు.

"నీ నోట్లో మన్ను పడ," అంది లియోటా. "రేపు రా, నీ పళ్ల సెట్టు కూడా గెలుచుకుని డెల్ సమాధి మీద పెడతాను." అంటూ నవ్వేసింది. ఆ నవ్వు ఆపుకోవడానికి రుమాలు తియ్యాల్సొచ్చింది.

కొరీన్ కారు ఎండలో ఆగి ఉంది. లియోటా వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఖాళీ సంచీ ఒళ్లో పెట్టుకుంది.

"ఓడిపోయావా అమ్మా?"

"చిత్తుగా. ఆ హాగోప్ ముండాకొడుకు మూడు రాణులు నా చేత పారేయించాడే. ఇంటికెళ్లి మీ నాన్నకి చెబితే..."

అక్కడ ఆగిపోయింది. క్లబ్బు నుంచి ఇంటికెళ్లేటప్పుడు రోజూ ఆమె దారిలో ఆ రోజు కథంతా, తనని తీసుకెళ్లడానికొచ్చిన డెల్‌కి చెప్పుకునేది. ఇప్పుడు చెప్పడానికి ఇంత మంచి కథ ఉంది. మోకాళ్ల మీదికి వంగిపోయి, నెబ్రాస్కా పొలాల్లో ఆడవాళ్లు ఏడ్చినట్టు గొంతెత్తి ఏడ్చింది. క్లబ్బులోకి వెళ్లేవాళ్లు ఆగి చూస్తున్నా ఆపలేదు.

కొరీన్ హడలిపోయి పర్సు తెరిచింది. "ఏడవకమ్మా, ఎంత పోయిందో చెప్పు, నేనిస్తాను. ఎంతైనా ఇస్తాను."

లియోటా ఆ పర్సు మూసి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"డబ్బు కాదే పిచ్చిమొహమా," అంది. "మీ నాన్న పోయాడే."