ఎస్తేరమ్మ అడిగిన మాట

చచ్చిపోయిన మనిషి మీద నేనొక అబద్ధం చెప్పాను. ఆమె లేచి వచ్చి కాదనలేదు కాబట్టి అదే నిజమైపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా అది నా గుండెల మీద కూర్చుని ఉంది. దాన్ని అట్లాగే పెట్టుకుని రోజూ పొద్దున క్లినిక్కు తెరిచాను. నాలుకలు చూశాను, మందులిచ్చాను, మంచి డాక్టరని పేరు కూడా తెచ్చుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

నేను హోమియో డాక్టర్ని. మొన్నమొన్నటిదాకా. పెరంబూరులో రైల్వే క్వార్టర్సు దగ్గర ఒక సందులో మా ఇల్లు. ముందు గదే క్లినిక్కు. మా నాయన అక్కడి వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనాడు. తాతల కాలంలోనే నెల్లూరు పక్కనించి వచ్చేసిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

నా దగ్గరికొచ్చిన వాళ్ళను నేను తొందరగా పంపేవాణ్ణి కాదు. ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, ఉప్పు ఇష్టమా తీపి ఇష్టమా, ఎప్పుడు ఏడుపొస్తుంది, ఎవరి మీద కోపమొస్తుంది, అన్నీ అడిగేవాణ్ణి. అంత ఓపిగ్గా వాళ్ళనెవరూ ఏమీ అడిగి ఉండరు. సగం మందికి చెప్పుకోవడంతోనే ముఖం తేటపడేది. నయమైన వాళ్ళందరూ నా మందుతోనే నయమయ్యారా? తెలియదు. ఈ వయసులో ఆ ప్రశ్నకు జవాబు వెతకడం మానేశాను. మా వైద్యం మీద మీకు నమ్మకం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఎస్తేరమ్మ విషయంలో మాత్రం తప్పు మందు మీదికి తోసి తప్పించుకోలేను. మాట్లాడింది నేను.

ఎస్తేరమ్మ భర్త దానియేలు వర్క్‌షాపులో ఫిట్టరు. ఒక్కతే కూతురు, శాంత. చిన్నప్పుడు ఆ పిల్లకు ఆయాసం. చలికాలమొస్తే పడుకోలేక తల్లి భుజం మీద కూర్చునే నిద్రపోయేది. నా మందు వాడుతూ ఉండగా అది తగ్గింది. పిల్ల ఎదగడంతో తగ్గిందో, మందుతో తగ్గిందో, ఎస్తేరమ్మ మాత్రం దాన్ని నా ఖాతాలో వేసేసింది. ఆ రోజునించి నన్ను అన్నా అని పిలిచేది, పిల్ల చేత మామా అని పిలిపించేది. క్వార్టర్సులో ఎవరి బిడ్డ తుమ్మినా చెయ్యి పట్టుకుని మా సందులోకి తీసుకొచ్చేది. చర్చి ఆడవాళ్ళను వెంటేసుకొచ్చేది. నా బెంచీ నిండిందంటే సగం ఆమె పుణ్యమే.

ఒకనాడు పొద్దున ఆమె ఒంటరిగా వచ్చింది. బయట బెంచీ నిండా జనం. లోపలికొచ్చి తెర సరిగ్గా లాగి, గొంతు తగ్గించింది.

"అన్నా, ఈడ ఒక గడ్డ మాదిరి ఉండాది. నొప్పి లేదు. ఆయనకు కూడా చెప్పలా. మీకే చెప్తా ఉండా."

చూశాను. రొమ్ములో గట్టిగా తగిలింది. వేళ్ళతో కదిపితే కదల్లేదు.

"ఆస్పత్రికి పోవాలా అన్నా? మీరు పొమ్మంటే రేపే పోతాను. వర్క్‌షాపు కార్డు ఉండాది, ఊరికేనే చూస్తారు."

"వద్దమ్మా. ఆడికి పోతే కత్తి పెడతారు. మాత్రలతోనే కరిగిద్దాం."

"సరి అన్నా. మీరు చెప్తే సరి."

ఆమె ముఖంలో భయం పోయింది. ఆ భయం ఉండాల్సింది. దాన్ని నేను తీసేశాను.

ఎందుకట్లా చెప్పాను? తెలియక చెప్పానని అనుకుని చాలాకాలం నన్ను నేను ఊరడించుకున్నాను. అది కూడా అబద్ధమే. నొప్పి లేకుండా, గట్టిగా, కదలకుండా ఉన్న గడ్డను ఆలస్యం చేయకూడదని కాలేజీలో మాకు చెప్పారు, పరీక్షలో నేను రాశాను కూడా. ఆ పొద్దున నా బుద్ధికి అది తోచింది. తోచిన మరుక్షణం తెర అవతలి జనం గుర్తొచ్చారు. ఇప్పుడు ఈమెను ఆస్పత్రికి పంపితే, బయటికి పోయి, "డాక్టరన్న తన వల్ల కాదన్నాడు" అని చెబుతుంది కదా, అన్ని జబ్బులకూ నా దగ్గరికి తోలుకొచ్చిన మనిషే అట్లా అంటే ఆ బెంచీ మీద రేపెవరు కూర్చుంటారు అనుకున్నాను. అంతేనా? ఇంకొకటి ఉంది. అది మరీ సిగ్గు. గడ్డ కరిగితే పెరంబూరంతా చెప్పుకుంటారని ఆశపడ్డాను. ఒక మనిషి ప్రాణం చేతిలోకొస్తే నాకు కనిపించింది నా పేరు.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూపించింది. గడ్డ పెరిగింది. దాని మీది చర్మం లోపలికి లాక్కుపోయి ఉంది.

"పెద్దదైంది గదన్నా," అనింది. "ఇప్పుడన్నా పోదునా ఆస్పత్రికి?"

మందు పనిచేసేటప్పుడు ముందు కొంచెం ఎక్కువై తర్వాత తగ్గుతాదమ్మా అన్నాను. మా వైద్యంలో అట్లా చెప్పడం మామూలే. గజ్జికీ దద్దుర్లకూ ఆ మాట నమ్మే చెప్పేవాణ్ణి. ఆ రోజు నమ్మలేదు. నమ్మకుండానే చెప్పాను. అప్పటికి నా భయం వేరే. ఇప్పుడు పంపితే, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని అక్కడివాళ్ళు అడుగుతారు. అడిగితే ఆమె నా పేరు చెబుతుంది. కాబట్టి ఇంకొన్ని రోజులు చూద్దాం. ఇంకొన్ని రోజులు. ఆలస్యమయ్యే కొద్దీ నిజం చెప్పడం ఇంకా కష్టమైంది. మందు మార్చాను. మళ్ళీ మార్చాను. ఆమె ఇక అడగడం మానేసింది. నమ్మి మానేసిందా, అడిగి లాభం లేదనుకుందా, ఇప్పటికీ తెలియదు.

తర్వాత నడుము నొప్పి మొదలైంది. దగ్గు పట్టుకుంది. దానియేలే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. అది ఎముకలకూ ఊపిరితిత్తులకూ పాకిపోయిందని అక్కడ చెప్పారు. నేను ఒకసారి చూడటానికి పోయాను. కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందో, నన్ను చూడటం ఇష్టం లేక మూసుకుందో. కాసేపు నిలబడి వచ్చేశాను. ఆమె కళ్ళు తెరవనందుకు నా మనసు నిమ్మళించింది. ఇది కూడా మీకు చెప్పాలి. దాచిన వాటిలో ఇదొకటి.

వాన పడే రోజుల్లో పోయింది. శవపెట్టెను వాళ్ళ ఇంటి ముందు గదిలో ఉంచారు. చర్చివాళ్ళు చుట్టూ కూర్చుని పాడుతున్నారు. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే శాంత లేచి నేరుగా నా దగ్గరికొచ్చింది. ఆ ఏడాదే స్కూలు చదువు ముగించిన పిల్ల.

"మామా, అమ్మ మీ దగ్గర మందు తీసుకుంటా ఉండిందంట గదా. ఆస్పత్రికి పొమ్మని మీరు చెప్పలేదా?"

పాట ఆగింది. దానియేలు తలెత్తాడు.

"చెప్పినా తల్లీ," అన్నాను. "ఎన్నోసార్లు చెప్పినా. కత్తి అంటే భయమనింది. నీ బిడ్డ కోసమన్నా పోమ్మా అన్నా. ఎంత చెప్పినా వినలా. మొండికేసింది."

ఎక్కడా తడబడలేదు నేను. ఒక్కో మాటా ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నట్టు వచ్చింది. నీ బిడ్డ కోసమన్నా అనే మాట ఎందుకు కలిపాను? ఎవరడిగారని? అది లేకపోయినా అబద్ధం నిలబడేది. ఆ పిల్లను అంత లోతుగా కోసింది మాత్రం ఆ మాటే.

"నాతో ఒక మాట చెప్పుంటే ఎత్తుకోని పోయుంటానే, పాపిష్టిదానా," అని దానియేలు పెట్టె అంచు పట్టుకుని పెళ్ళాన్ని తిట్టాడు. శాంత అప్పటిదాకా ఏడుస్తూ ఉంది. ఏడుపు ఆపేసింది.

సమాధుల తోటలో అందరూ తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. శాంత వేయలేదు. వాళ్ళ పిన్నమ్మ బలవంతంగా చేతిలో మన్ను పెడితే పక్కకు వదిలేసింది. "మమ్మల్ని వద్దనుకునే గదా పోయింది, నేనెందుకు వెయ్యాలా?" అనింది. ఆమె వెనక నిలబడింది నేనే. అప్పుడు చెప్పి ఉండాల్సింది. వంగి నా పిడికెడు మన్ను నేను వేసి పక్కకు జరిగాను.

ఆ తర్వాత జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు ఆమెనే ఉదాహరణగా చెప్పాడు. మన సహోదరి మాదిరి ఒంటిని నిర్లక్ష్యం చేయవద్దన్నాడు. ఆడవాళ్ళు తలలూపారు. నా అబద్ధం ప్రసంగమైంది.

దానియేలు ఎప్పుడు ఎదురుపడినా, "నువ్వన్నా చెప్పినావు సార్, అదే వినలా," అనేవాడు. అట్లా అంటూనే కొన్నేళ్ళకు పోయాడు. శాంతకు అంబత్తూరులో పెళ్ళయింది. భర్తకు అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేటులో లేతు మిషను మీద పని. ఆమెకొక కూతురు పుట్టింది. జలుబు చేసినా దగ్గు చేసినా బిడ్డను బస్సులో ఎక్కించుకుని నా దగ్గరికే వచ్చేది. ఆ బిడ్డ మందుకు నోరు తెరవకపోతే, "అమ్మమ్మ మాదిరి మొండితనం చెయ్యొద్దు," అని కసిరేది. నా ఎదురుగానే. తమ ఇంట్లో అమ్మ ఫోటో పెట్టుకోలేదని ఒకసారి తనే చెప్పింది. చూస్తే కోపమొస్తుందంట. నేను మందు పొట్లం కట్టిచ్చాను.

ఎస్తేరమ్మ తర్వాత ఎవరైనా గడ్డ అని వస్తే చెయ్యి కూడా వేయకుండా ఆస్పత్రికి పంపేసేవాణ్ణి. ఒప్పుకోకపోతే వెంట పోయేవాణ్ణి. కొందరు బతికారు. అది ప్రాయశ్చిత్తమనుకున్నాను. ఏం జరిగిందో తెలుసా? దాంతో నా పేరు ఇంకా పెరిగింది. తన వల్ల కాకపోతే కాదని ఒప్పుకునే డాక్టరు అన్నారు. నేను చేసిన పాపం కూడా నాకు మర్యాదే తెచ్చిపెట్టింది.

ఈ ఏడాది మోకాళ్ళు సహకరించక క్లినిక్కు మూసేశాను. పాత పేషెంట్లు చర్చి హాల్లో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు. శాంత అంబత్తూరునించి వచ్చి మైకు పట్టుకుంది.

"మామ ఎవరికీ అబద్ధం చెప్పే మనిషి కాదు," అనింది. "మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినారో. ఆమె విననిదానికి ఆయనేం చేస్తారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కింద నాకు చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి దాన్ని మడిచి పెట్టాను. నేను చచ్చిపోతే ఇదే నా గురించి మిగిలే మాట. ఎస్తేరమ్మ గురించి మిగిలే మాట కూడా ఇదే.

ఆ వారంలోనే అంబత్తూరుకు పోయాను. భర్త పనికి పోయాడు, కూతురు కాలేజీకి. శాంత కాఫీ తెచ్చింది. తాగకుండా పక్కన పెట్టి, మొదటినించి చెప్పాను. గడ్డ సంగతి, రెండోసారి సంగతి, గుమ్మం దగ్గర నేనన్న మాట. ఆమె మధ్యలో ఆపలేదు. నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. నేను ముగించాక అడిగింది.

"ఆస్పత్రికి పోవాలా అని అమ్మ అడిగిందా?"

"అడిగింది."

"నువ్వు వద్దన్నావా?"

ఎప్పుడూ మీరు అనే పిల్ల. "వద్దన్నా," అన్నాను.

"అట్లయితే ఆమెకు బతకాలని ఉండింది."

"ఉండింది తల్లీ."

రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అమ్మా అని పిలిచింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పిలుపు. చిన్నప్పుడు ఆయాసంలో కూడా అంత గట్టిగా పిలవలేదు. లేచి దగ్గరికి పోదామనుకున్నాను. పోయే హక్కు నాకు లేదని తెలిసి కూర్చున్నాను.

కొంత తేరుకున్నాక, "లెయ్యి," అనింది. "మైకులో నిన్ను పొగిడినాను నేను. ఎట్లా చెప్తావో నాకు తెలీదు, ఈ మాట అందరికీ చెప్పు. మా ఇంటికి మాత్రం ఇంక రావద్దు."

వచ్చేశాను. ఆమె క్షమించలేదు. నేను అడగలేదు. అడిగి ఉంటే అది ఇంకో తప్పయ్యేది. దానియేలుకు చెప్పే దారి ఇక లేదు. ఆయన భార్య మీద కోపంతోనే పోయాడు.

చర్చిలో నిలబడి చెప్పడానికి ధైర్యం చాలలేదు. అందుకే ఇట్లా రాస్తున్నాను. ఇందులో కూడా పిరికితనం ఉంది, చూశారా? నా పేరు రాయలేదు. ఆమె పేరు మాత్రం మార్చకుండా రాశాను. పెరంబూరులో ఆ సందువాళ్ళకు అది చాలు, నేనెవరో తెలిసిపోతుంది. తెలియనీ. ఇన్నేళ్ళలో మొదటిసారి ఊపిరి అడ్డం లేకుండా ఆడుతోంది. అందుకు కూడా నాకు సిగ్గుగానే ఉంది.

ఎస్తేరమ్మ మొండి మనిషి కాదు. ఆమెకు కత్తి అంటే భయం లేదు. రేపే పోతానని అనింది. వద్దన్నది నేను.