సంతకం అడగని ఆడిటర్ అంకుల్

ఆడిటర్ అంకుల్ పోయారని మంగళవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టబోయి ఆగిపోయాను. ఆయనకి వ్యతిరేకంగా కోర్టులో అఫిడవిట్ మీద సంతకం పెట్టిన చెయ్యి ఇదే.

కెనడాలో, స్కార్‌బరోలోని మా తెలుగు సంఘానికి ఆడిటర్‌ని సభ్యులే ఏటా చేతులెత్తి ఎన్నుకునేవారు. ఏటా ఆయన్నే. ఇండియాలో పంచాయతీల ఆడిట్ చేసి రిటైరైన మనిషి. బిల్లులో నలభై కుర్చీలుంటే స్టోరేజీకి వెళ్లి నలభై కుర్చీల మీదా చెయ్యేసి వచ్చేవారు. జనరల్ బాడీకి ముందు మూడు ఆదివారాలు లైబ్రరీ గదిలో పుస్తకాలు తెరిచి కూర్చునేవారు, ఎవరైనా వచ్చి అడగొచ్చని. ఫ్లాస్కులో టీ, ఎదురుగా ఖాళీ కుర్చీ. ఎవరూ వెళ్లేవారు కాదు.

"ఊరికే కూర్చోవడం కూడా ఆడిట్‌లో భాగమేనమ్మా. నన్ను ఎన్నుకున్నవాళ్లకి నేను దొరకాలి కదా," అనేవారు.

మాలాంటి స్టూడెంట్లు విమానాలకి విమానాలు దిగిన ఏడాది అది. బేస్‌మెంటులో ఏడుగురం ఉండేవాళ్లం. సంఘం ముప్పై చలికోట్లు కొని పంచింది. నాకు మెరూన్‌ది వచ్చింది. "ఇది హైదరాబాద్ స్వెట్టర్ కాదు, జిప్పు గడ్డం దాకా లాగాలి," అని ఆంటీ, అంటే అంకుల్ భార్య, దగ్గరుండి తొడిగింది.

మరుసటి ఏడు నేను అకౌంటింగ్ కోర్సులో ఉన్నా. ఆ చలికోట్ల బిల్లుంది, తీసుకున్నవాళ్ల సంతకాలు లేవు. ఈ మాట కమిటీలో అంకుల్ అంటే పడని ఒకాయనతో అన్నా.

"భలే పట్టావమ్మా! ఎన్నికైనవాడు దోస్తుల మొహం చూస్తాడు. కోర్టు వేసినవాడైతే ఎవరి మొహమూ చూడడు," అన్నాడు.

సబబే అనిపించింది. అంతకన్నా, ఈ దేశమొచ్చాక నా మాట ఎవరో శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. అంకుల్‌ని అడగడానికి ఒక్క ఆదివారం చాలు. నా షిఫ్టు బస్సు ఆ లైబ్రరీ ముందే ఆగుతుంది. కిటికీలోంచి ఆయనా, ఖాళీ కుర్చీ కనిపించాయి. దిగలేదు.

ఆ కమిటీ ఆయన కేసు వేస్తే, సంతకాలు లేవని అఫిడవిట్ నేనిచ్చా. కోర్టు వేరే ఆడిటర్‌ని వేసింది. ఆ రోజు కోర్టు లిఫ్టులో అంకులూ నేనూ ఇద్దరమే.

"అఫిడవిట్‌లో తప్పు ఒక్కటీ లేదు తల్లీ. సంతకాలు నేనే వద్దన్నా. చలికి వణికే పిల్లల చేత 'దానం పుచ్చుకున్నాం' అని రాయించుకోబుద్ధి కాలేదు."

"మరి లెక్కెలా అంకుల్?"

"ఇప్పుడడిగావా!" అని నవ్వారు. తలుపు తెరుచుకుంది.

కొత్త ఆడిటర్‌ని మాలో ఎవరూ చూడలేదు. రిపోర్టు పీడీఎఫ్‌లో వచ్చింది. అంతా సక్రమం, సంతకాలు మాత్రం లేవు అని. ఆ ఒక్క వాక్యం చాలింది జనానికి. "ఏం అంకుల్, కోట్లు వెచ్చగా ఉన్నాయా?" అన్నారట ఎవరో పార్కింగ్‌లో. ఆ సంగతి నా ఫ్రెండు చెబితే నేనూ నవ్వాను. ఆయన ఉగాదికి రావడం మానేశారు.

ఫ్యూనరల్ హోమ్‌కి పలచటి జాకెట్‌లో వెళ్లా. ఆ కోటుతో ఆయన ముందు నిలబడే మొహం లేదు.

"నీ మెరూన్ కోటేదమ్మా?" అంది ఆంటీ. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న డైరీ తీసి చేతిలో పెట్టింది. పేర్లు లేవు. "నీలం, పొడుగబ్బాయి, కాఫీ షాపు." "నలుపు, కళ్లజోడమ్మాయి, సబ్‌వే మెట్లు." దారిన పోతూ ఒక్కో కోటునీ ఒంటి మీద చూసి టిక్కు పెట్టుకున్నారు. ముప్పై టిక్కులు. "మెరూన్, లైబ్రరీ బస్ స్టాప్," పక్కన ఇంకో ముక్క: "జిప్పు సగమే."

"కోర్టులో చూపించలేదా ఆంటీ?"

"నేనూ అదే అన్నా. 'అందులో పిల్లలున్నారు, ఇవ్వను' అన్నారు."

మర్నాడు ఆ కోటు వేసుకుని అదే స్టాప్‌లో నిలబడ్డా. జిప్పు గడ్డం దాకా లాక్కున్నా. బస్సు వచ్చి, తలుపు తీసి, వెళ్లిపోయింది. నేను లైబ్రరీ కిటికీ వైపు తిరిగి, కనిపించేలా, అలాగే నిలబడ్డాను.