ఛాయాదేవి సంతకం చేయని ఓటు

ఛాయాదేవి ఓటు గురించి నేపర్‌విల్, అరోరాల తెలుగు ఇళ్ళలో మూడు మాటలు చెలామణీలో ఉన్నాయి. ఎన్నికల నాటికి ఆమెకు స్పృహ లేదని కొందరన్నారు. పోటీలో నిలిచినవాళ్ళెవరూ నచ్చక మానుకుందని మరికొందరన్నారు. జీవితమంతా ఓటింగ్ మీద పాఠాలు చెప్పి, పౌరసత్వం చేతికి రాగానే చేతులు దులుపుకుందని, అది కృతఘ్నత అని ఇంకొందరన్నారు. ఈ చివరి మాట అన్నవారిలో ఆమె ఇంట భోంచేసినవారే ఎక్కువ.

ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు.

ఆమె కమ్యూనిటీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేది. భర్త దామోదర్ హెచ్-1బి మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన వీసా చాటున వచ్చి, ఇక్కడే చదివి డాక్టరేట్ సంపాదించుకుంది. కమ్యూనిస్టు పాలన కూలాక ఒక దేశంలో జనం ఓటుకు బారులు తీరితే, పక్క దేశంలో ఇంటిపట్టున ఎందుకు ఉండిపోయారన్నది ఆమె పరిశోధన. కారణం ఒక్కటి కాదని ఆమె తేల్చింది. తొలి స్వేచ్ఛా ఎన్నికలకు చెకొస్లొవేకియాలో దాదాపు అందరూ వచ్చారు. పోలండ్‌లో సగం స్వేచ్ఛతో జరిగిన తొలి ఎన్నికలకే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా రాలేదు. ఫ్యాక్టరీలు మూతబడి, పింఛన్లు కరిగిపోయి, ప్రభుత్వాలు మారినా బతుకు మారనిచోట జనం విసిగిపోయారు. పొట్ట చేతపట్టుకుని విదేశాలకు పోయినవారి పేర్లు జాబితాల్లో అలాగే ఉండి పోలింగ్ శాతాన్ని కిందికి లాగాయి. ఓడితే దేశం ఏమైపోతుందోనన్న దిగులు పుట్టినచోట అదే జనం మళ్ళీ కదిలారు.

ఇంత తెలిసిన మనిషి తాను మాత్రం ఒక్కసారీ ఓటు వేయలేదు. స్వదేశంలో ఉన్నప్పుడు ఓటు సొంత ఊళ్ళో, చదువు హైదరాబాద్ హాస్టల్లో. ఇక్కడికి వచ్చాక గ్రీన్‌కార్డు క్యూ. ప్రతి ఎన్నికకూ కారులేని విద్యార్థులను పోలింగ్ కేంద్రం దాకా దింపి, వాళ్ళు తిరిగి వచ్చేదాకా పార్కింగ్ లాట్‌లో కూర్చునేది.

పక్కింటి ఓనా లిథువేనియా నుంచి కొడుకు వెంట వచ్చిన ముసలామె. ఓటు ఉండీ వేసేది కాదు. ఛాయాదేవికి అది మింగుడుపడేది కాదు. ఒకనాడు టీ తాగుతూ ఓనా తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

"నీ పరిశోధనలో నన్ను ఎవరి పక్కన కూర్చోబెట్టావు?"

"పట్టనివాళ్ళ పక్కన," అంది ఛాయాదేవి. మొహమాటానికైనా మాట మార్చడం ఆమెకు రాదు.

ఓనా కోపగించుకోలేదు. తన తల్లి సంగతి చెప్పింది. సోవియట్ రోజుల్లో ఓటు కాగితం మీద ఒకే పేరు ఉండేది. వీధికింతమందని పార్టీ కార్యకర్తలు ఉండేవారు, ఎవరైనా ఓటు వేయకపోతే ఆ కార్యకర్తలకు మాట వచ్చేది. తల్లి మంచంలో ఆఖరి ఘడియల్లో ఉంటే ఓట్ల పెట్టెను ఇంటికే మోసుకొచ్చారు. వాళ్ళు దుర్మార్గులేమీ కాదు, రోగికని ఆపిల్ పళ్ళు కూడా తెచ్చారు. కాగితాన్ని ఆమె వేళ్ళ మధ్య ఇరికించి, ఆ చేతిని పట్టుకుని పెట్టెలోకి జార్చారు.

"మా అమ్మకు మానేసే హక్కు లేదు. నాకుంది. దాన్ని వాడుకుంటున్నాను," అంది ఓనా.

ఆ మాట తర్వాత ఛాయాదేవి తన పాఠాల్లో 'ఉదాసీనత' అన్న పదం వాడలేదు. అయినా తన ఓటు తాను వేసుకోవాలన్న కోరిక ఆమెలో ఇసుమంతైనా తగ్గలేదు.

ఎన్నికలు జరిగిన ఏడు వేసవిలో ఆమెకు పౌరసత్వం వచ్చింది. అప్పటికే ఆమెకున్న క్యాన్సర్ కాలేయానికి పాకింది. శరదృతువులో డాక్టర్లు చేయగలిగిందేమీ లేదని ఇంటికి పంపారు. పోస్టులో బ్యాలెట్ వచ్చినప్పుడు దాన్ని కిటికీ పక్క బల్ల మీద పెట్టించింది. పడుకుని వేయనంది; కుర్చీలో కూర్చుని, తన చేత్తో తానే వేస్తానంది. కూర్చోగలిగే రోజు కోసం ఎదురుచూసింది.

ఎన్నికల రోజు వచ్చింది. మధ్యాహ్నం తెలుగు సంఘం తరఫున మనీషా, మరో ముగ్గురు కిచిడీ పట్టుకుని వచ్చారు. వీధివీధినా తెలుగు ఓటు నూటికి నూరు పడాలన్నది ఆ యేటి సంఘం పట్టుదల.

"ఆంటీ, మన సబ్‌డివిజన్ ఇళ్ళన్నిటిలో మీ ఒక్కరిదే పెండింగ్. హండ్రెడ్ పర్సెంట్ కొట్టేద్దాం," అంది మనీషా, మంచం పక్కన కూర్చుని ఆమె పాదాలు ఒత్తుతూ.

"వందా? వంద వచ్చిందంటే నాకు భయమేస్తుందమ్మా," అంది ఛాయాదేవి. అందరూ నవ్వారు. మూల కుర్చీలో ఉన్న ఓనాకు ఆ తెలుగు అర్థం కాలేదు.

అప్పుడు దామోదర్ బ్యాలెట్ తీసుకొచ్చాడు. పెళ్ళయింది మొదలు ఆమె వీసా, టాక్స్, గ్రీన్‌కార్డు కాగితాలన్నీ ఆయనే నింపేవాడు. పెన్సిల్‌తో గుర్తు పెట్టినచోట ఆమె సంతకం చేసేది. ఇద్దరికీ అందులో తప్పేమీ తోచలేదు. ఆ రోజూ ఆయన ఆమెకు శ్రమ తగ్గించాననే అనుకున్నాడు.

"అన్నీ ఫిల్ చేసేశాను ఛాయా. కవర్ మీద నువ్వు సైన్ చేస్తే చాలు. ఇప్పుడే వెళ్ళి డ్రాప్ చేసి వస్తాను."

ఆమె కాగితం అందుకుని రెండు వైపులా తిప్పి చూసింది.

"ఎవరికి వేశానండీ నేను?"

"నువ్వు వేసేవాళ్ళకే. నాకు తెలీదా?"

నిజానికి ఆయన ఒక్క పేరూ తప్పు పెట్టలేదు. ఆమె ఓనా వైపు చూసింది.

"ఓనా వాళ్ళమ్మ ఎవరికి వేస్తుందో కూడా ఆ పెట్టె తెచ్చినవాళ్ళకి తెలుసు," అంది.

పోలింగ్ కేంద్రానికి వెళ్ళి ఇది తిరిగి ఇచ్చేస్తే కొత్తది వేయనిస్తారని దామోదర్ తడబడుతూ చెప్పాడు. కారు వెనక సీటులో దిండ్లు వేస్తానన్నాడు. అందరూ కలిసి ఆమెను లేపబోయారు. రెండు అడుగులకే ఆమె నొప్పితో ముడుచుకుపోయింది. మళ్ళీ పడుకోబెట్టారు. దామోదర్ పెన్ను ఆమె చేతికి ఇచ్చి, కవర్ మీద సంతకానికి ఆ చేతిని తన చేత్తో పట్టుకున్నాడు. ఆమె మెల్లగా విడిపించుకుంది.

"మీరు చెడు చేశారని కాదండీ. నా పని మీరు చేసేశారు. అక్కడ పెట్టేయండి."

బ్యాలెట్ తిరిగి బల్ల మీదికి చేరింది. పోలింగ్ ముగిసే వేళ దాకా ఆమె దాన్నే చూస్తూ ఉంది. కన్నీళ్ళు చెంపల మీదుగా దిండులోకి జారాయి. ఓనా లేచి వచ్చి తన చేతిరుమాలుతో తుడిచింది. ఆరోగ్యం బాగాలేక ఆంటీ వేయలేకపోయారని మనీషా సంఘం గ్రూపులో పెట్టింది. జాలితో రాసిన ఆ వాక్యం నుంచే పుకార్లన్నీ పుట్టాయి. దామోదర్‌ను అడిగినవారికి ఆయన జవాబు చెప్పలేదు. థాంక్స్‌గివింగ్ రాకముందే ఛాయాదేవి పోయింది.

ఆమెకు స్పృహ ఉంది. నచ్చిన అభ్యర్థులు ఉన్నారు. ఈ దేశపు ఓటు మీద ప్రేమ ఉంది. మరొకరు వేసిన ఓటును తనదని చెప్పి ఆమె సంతకం చేయలేదు. ఆమె చేసింది అంతే.